లా కాలేజీలో, స్పానిష్ బస్సులో

దర్శిలో ఈ ఏడాదే డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. తండ్రి పొగాకు రైతు. బ్యారన్‌లో ఆకు కాల్చే పని అయ్యాక బేళ్లు పొదిలి వేలం కేంద్రానికి తోలడం, ధర కోసం కాచుకుని కూర్చోవడం ఆ ఇంట్లో ఏటా ఉండేదే. పొలం గట్టు తగాదా ఒకటి కోర్టులో వాయిదాల మీద వాయిదాలు పడుతూ వస్తోంది. వాయిదాకు వెళ్లొచ్చిన ప్రతిసారీ తండ్రి ముఖం చూసి, నల్లకోటు తానే వేసుకోవాలని ఆ అమ్మాయి నిశ్చయించుకుంది. ఆమెకు ఇంకో కోరికా ఉంది. ఫోనులో పాఠాలు వింటూ వింటూ స్పానిష్ మీద మనసు పడింది. ఆ భాష గట్టిగా నేర్చుకోవాలి, చేతిలో సర్టిఫికెట్టూ ఉండాలి.

"రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయే?" అంటుంది అమ్మ. "దానిదేముంది వదినా, రెండూ దూరవిద్యలో కట్టేస్తే సరి. ఇంట్లో కూర్చునే అయిపోతాయి" అని బాబాయి తేల్చేస్తాడు.

బాబాయి మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం నమ్మితే మూడేళ్ల చదువు, ఫీజు డబ్బు నీళ్లలో పోతాయి. మార్కాపురంలోనో, గిద్దలూరులోనో, కనిగిరిలోనో ఇదే ఆలోచనతో ఉన్నవాళ్లు ముందు ఆ రెండు సగాలనూ విడదీసుకోవాలి.

ఏది కాలేజీకి వెళ్లి, ఏది ఇంటి నుంచి?

కోర్టులో వకాల్తా వెయ్యాలంటే ఎల్‌ఎల్‌బీ కావాలి. ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో రాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నియమాల ప్రకారం ఇది తరగతికి హాజరై చదవాల్సిన కోర్సు. ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరు ఉండాలి. బలమైన కారణం ఉండి ఒక సబ్జెక్టులో తగ్గితే, అందులో కనీసం 65 శాతం, అన్నీ కలిపి 70 శాతం ఉన్నప్పుడు మాత్రమే ప్రిన్సిపాల్ పరీక్షకు అనుమతించవచ్చు. దూరవిద్యలో నడపకూడని కోర్సుల జాబితాలో యూజీసీ కూడా న్యాయవిద్యను చేర్చింది. మరి "ఇంటి నుంచే ఎల్‌ఎల్‌బీ" అని వాట్సాప్‌లో వచ్చే ప్రకటన సంగతేమిటి? అందులో డిగ్రీ పేరు ఏదైనా ఉండవచ్చు, దాంతో బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు. పాత తరంలో కొందరు బీజీఎల్ అనే డిగ్రీ పోస్టులో చదివారు. చట్టం తెలుసుకోవడానికి అది పనికొచ్చింది, కోర్టులో నిలబడి వాదించడానికి పనికిరాలేదు.

చదివిన చదువును బట్టి కోర్టు తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం ప్రకాశం జిల్లాకు కొత్త కాదు. జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులే అందుకు సాక్షి. 1872లో ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టిన ఆయన ముందు చదివింది రెండో తరగతి ప్లీడరీ. రాజమండ్రిలో మంచి పేరు, మంచి రాబడి వచ్చాయి. కానీ ఆ అర్హతతో పై కోర్టులో వాదించే వీలు లేదు. ఆ తలుపు కోసమే 1904లో ఆయన ఇంగ్లండుకు ఓడెక్కారు, బారిస్టరై తిరిగొచ్చారు. స్థిరపడ్డ వకీలు సైతం మళ్లీ విద్యార్థి కావలసి వచ్చింది. ఇప్పటి పిల్లలు సముద్రాలు దాటనక్కర్లేదు. ఫీజు కట్టేముందు, ఆ డిగ్రీతో ఏ తలుపు తెరుచుకుంటుందో అడిగి తెలుసుకుంటే చాలు.

ఇంతకీ బాబాయి మాటలో నిజమైన సగం ఎక్కడుంది? అదే బార్ కౌన్సిల్ నియమాల్లో, ఆరో నియమంలో ఉంది. ఎల్‌ఎల్‌బీ చదువుతూ ఇంకో డిగ్రీ గానీ, పీజీ గానీ, సర్టిఫికెట్ కోర్సు గానీ చెయ్యకూడదని ఆ నియమం అంటుంది. అని ఊరుకోకుండా మినహాయింపు కూడా ఇస్తుంది. భాషకో కంప్యూటర్‌కో సంబంధించిన స్వల్పకాలిక పార్ట్‌టైమ్ సర్టిఫికెట్ కోర్సులూ, విశ్వవిద్యాలయాల దూరవిద్యా కేంద్రాలు నడిపే కోర్సులూ చేసుకోవచ్చు. అంటే లా కాలేజీలో, స్పానిష్ ఇంటి నుంచి. నియమం ఇంత సూటిగా అనుమతించినా చాలామంది అది చదవక, ఒక కోరికను వదిలేసుకుంటున్నారు.

అడుగులు, అడుగడుగునా జరిగే పొరపాట్లు

1. ముందు లాసెట్, తర్వాతే స్పానిష్ ఫీజు.

లా కోర్సుల ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయశాస్త్ర అభిరుచికి 60. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కు నిబంధన లేదు. సగం మార్కులు న్యాయశాస్త్రం భాగంలోనే ఉన్నాయి కాబట్టి రోజూ కాసేపు రాజ్యాంగం చదివినవాళ్లకు మిగతావాళ్ల కన్నా ఆధిక్యం ఉంటుంది. మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో 45 శాతం మార్కులు కావాలి. బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40.

డిగ్రీ దూరవిద్యలో చేసినవాళ్లు కంగారు పడనక్కర్లేదు. పదో తరగతి, ఇంటర్ వరసగా పాసై తర్వాత ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లు అర్హులే. ఇంటర్ లేకుండా నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసినవాళ్లకు మాత్రం లా కోర్సులో ప్రవేశం లేదు. కౌన్సెలింగ్ రోజున ఈ సంగతి తెలిసి కన్నీళ్లు పెట్టుకోవడం కన్నా, దరఖాస్తు నింపేముందే సర్టిఫికెట్లు వరసగా పేర్చి చూసుకోవడం మేలు.

కాలేజీ ఎంపికలో దూరమే అసలు లెక్క. ఒంగోలులో ఇందిరా ప్రియదర్శిని లా కాలేజీ ఉంది. గుంటూరు ఏసీ లా కాలేజీలోనో, నెల్లూరు వీఆర్ లా కాలేజీలోనో సీటొస్తే హాస్టల్ తప్పదు. దర్శి నుంచి ఒంగోలుకు రానూపోనూ నూరు కిలోమీటర్లు దాటుతుంది. 70 శాతం హాజరు గుర్తుంది కదా? ర్యాంకు కార్డు పక్కన బస్సు టైములు కూడా పెట్టుకుని ఆప్షన్లు ఇవ్వండి.

2. రెండో కోర్సును దాచకండి.

2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఒక ఉత్తర్వు ఇచ్చింది. లా విద్యార్థులు ఇంకో కోర్సు చేస్తున్నారా, ఉద్యోగం చేస్తున్నారా అన్నది కాలేజీకి రాసివ్వాలని చెప్పింది. కొందరు భయపడి "ఏమీ చెయ్యడం లేదు" అని సంతకం పెడతారు. అనుమతి ఉన్న పనిని దాచి తప్పు చేసినవాళ్లవుతారు. స్పానిష్ కోర్సు ఏ విశ్వవిద్యాలయానిదో, అది దూరవిద్యా కోర్సేనని, ఆరో నియమం మినహాయింపులోకి వస్తుందని ఒక అర్జీ రాసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. నకలు మీద కాలేజీ ముద్ర వేయించుకుని దాచుకోండి. రేపు వకీలు కాబోయేవాళ్లకు కాగితం విలువ ఇక్కడి నుంచే అలవాటు కావాలి.

3. స్పానిష్ ఎక్కడ నేర్చుకుంటారో తేల్చుకోండి.

1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అందరూ ఇగ్నో అనేది, స్పానిష్ భాషా సంస్కృతుల్లో సర్టిఫికెట్ కోర్సు పెట్టింది. అక్కడ ప్రవేశాలు జనవరిలో, జూలైలో ఉంటాయి. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో ఉంటాయి. లా సెమిస్టర్ పరీక్షలు అదే సమయంలో వస్తే? స్పానిష్ పరీక్షను తర్వాతి విడతకు వాయిదా వేసుకోవచ్చు. కోర్సుకు ఇచ్చిన గరిష్ఠ గడువు దాటకుండా చూసుకుంటే చాలు. ఫీజు కట్టేముందు ఒకటి మాత్రం కనుక్కోండి. ఆ విడతలో ఆ కోర్సుకు ప్రవేశాలు ఉన్నాయా, విజయవాడ ప్రాంతీయ కేంద్రం పరిధిలో అధ్యయన కేంద్రం ఎక్కడ ఇస్తున్నారు?

హైదరాబాదులోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో స్పానిష్ బోధన చాలాకాలంగా ఉంది. స్పెయిన్ ప్రభుత్వం 1991లో నెలకొల్పిన సెర్వాంటెస్ సంస్థకు ఢిల్లీలో కేంద్రం ఉంది, అది ఆన్‌లైన్ పాఠాలూ చెబుతుంది. అది ఇచ్చే దెలె సర్టిఫికెట్‌కు గడువంటూ లేదు. ఇంకో పరీక్ష సియెలె, కంప్యూటర్ మీద రాసేది. దాని ఫలితం 5 ఏళ్లు చెల్లుతుంది. ఎల్‌ఎల్‌బీ మొదటి ఏడాదిలోనే సియెలె రాస్తే, చదువు పూర్తయి ఉద్యోగం వెతుక్కునేసరికి దాదాపు సగం గడువు కరిగిపోతుంది. కాబట్టి పరీక్ష చివరి ఏడాదికి పెట్టుకోవడం మంచిది.

4. ఇంగ్లిష్ మీదుగా వెళ్లకండి. తెలుగు నుంచి నేరుగా వెళ్లండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇదే. మనవాళ్లలో ఎక్కువమంది స్పానిష్ పాఠాన్ని ఇంగ్లిష్‌లో చదివి, ఇంగ్లిష్‌ను తెలుగులో అర్థం చేసుకుని, మళ్లీ వెనక్కి నడుస్తారు. మీకే రాని మూడో భాషను మధ్యవర్తిగా పెట్టుకోవడం ఎందుకు? స్పానిష్ చాలా చోట్ల ఇంగ్లిష్ కన్నా తెలుగుకే దగ్గరగా నడుస్తుంది.

ఉచ్చారణతో మొదలుపెడదాం. స్పానిష్‌లో అచ్చులు ఐదు: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసినదాన్ని రాసినట్టే చదవాలి. త, ద ధ్వనులు మన పళ్ల దగ్గరి త, ద లాంటివే, ఇంగ్లిష్ ట, డ కావు. రకారం రెండు రకాలు, మామూలు ర, గట్టి ర. బండిర తెలిసిన జాతికి అదో కష్టమా? ఇంగ్లిష్ ద్వారా నేర్చుకున్నవాళ్లు ఈ ధ్వనులన్నిటినీ పాడుచేసుకుని, తర్వాత ఏళ్ల తరబడి దిద్దుకుంటారు.

తర్వాత క్రియ. "మాట్లాడతాను" అంటే చాలు, నేను అని విడిగా చెప్పనక్కర్లేదు. స్పానిష్‌లోనూ అంతే. ఆబ్లో అంటే మాట్లాడతాను, ఆబ్లాస్ అంటే మాట్లాడతావు, ఆబ్లామోస్ అంటే మాట్లాడతాం. మాట చివర చూస్తే మనిషి తెలిసిపోతాడు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. కక్షిదారుతోనూ జడ్జిగారితోనూ ఏది వాడాలో తెలుగు పిల్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"నాకు కాఫీ ఇష్టం" అన్న వాక్యం చూడండి. ఇంగ్లిష్‌లో "నేను" కర్తగా కూర్చుంటుంది. స్పానిష్‌లో మె గుస్తా ఎల్ కఫే. మె అంటే నాకు. తెలుగు వాక్యం లాగే కాఫీ కర్త అయి, మనిషి "కు" విభక్తిలోకి తప్పుకుంటాడు. ఇంగ్లిష్ నుంచి వచ్చినవాళ్లు వారాల తరబడి తల పట్టుకునే పాఠం మనకు నాలుగు నిమిషాల పని.

ఇంకొకటి. స్పానిష్‌లో ఇంగ్లిష్ "ఈజ్" స్థానంలో రెండు క్రియలు ఉంటాయి, సెర్, ఎస్తార్. ఏది ఎక్కడన్నది పెద్ద చిక్కు. తెలుగులో "ఆమె లాయరు" అంటాం, క్రియే ఉండదు. "ఆమె దర్శిలో ఉంది" అంటాం, ఇక్కడ క్రియ వచ్చింది. క్రియ లేని తెలుగు వాక్యానికి సెర్, ఎక్కడ, ఎలా ఉందో చెప్పే "ఉంది"కి ఎస్తార్ పెట్టి చూడండి. చాలాసార్లు సరిపోతుంది. ఎప్పుడూ కాదు, జాగ్రత్త. "ఆమె పొడుగ్గా ఉంది" అన్నప్పుడు మనం "ఉంది" వాడతాం, స్పానిష్ మాత్రం సెర్ వాడుతుంది. పొడుగు ఇవాళ ఉండి రేపు పోయేది కాదు మరి.

అసలు కష్టం ఎక్కడో కూడా చెప్పుకోవాలి. బల్లకూ పుస్తకానికీ లింగం ఉండడం మనకు వింత. ఆ చివర ఉంటే స్త్రీలింగం, ఓ చివర ఉంటే పుంలింగం అనే సూత్రం చాలావరకు నడుస్తుంది. కానీ చెయ్యి అనే అర్థంలోని మానో ఓ చివరున్నా స్త్రీలింగం, సమస్య అనే అర్థంలోని ప్రొబ్లేమా ఆ చివరున్నా పుంలింగం. దీనికి దగ్గరి దారి లేదు. ప్రతి నామవాచకాన్నీ ముందున్న ఎల్, లా తో కలిపే రాసుకోవాలి.

5. ఇంట్లో ఉన్న మాటలతో పదకోశం కట్టండి.

నారింజ స్పానిష్‌లో నరాంహా. మన దేశపు మాట పారశీకం, అరబిక్ మీదుగా స్పెయిన్ చేరింది. పోర్చుగీసువాళ్లు మనకు వదిలి వెళ్లిన మాటలకు స్పానిష్‌లో తోబుట్టువులున్నాయి. అల్మారాకు అర్మారియో, తువ్వాలుకు తొఆయా, పాద్రీకి పాద్రె. మేస్త్రీకి మాఎస్త్రో. మనకు తాపీపట్టినవాడు మేస్త్రీ, వాళ్లకు బడిపంతులు మాఎస్త్రో, ఇద్దరూ పని తెలిసినవాళ్లే.

మార్కాపురం పిల్లలకు ఒక మాట ప్రత్యేకం. తరాల తరబడి పిల్లల చేతుల్లోకి వెళ్లిన రాతపలకలు మార్కాపురం గనులవే. ఇళ్ల కప్పులకు వేసే పలకరాయిని ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా తీసే దేశం స్పెయిన్, ముఖ్యంగా అక్కడి గలీసియా ప్రాంతం. స్పానిష్‌లో ఆ రాయిని పిసార్రా అంటారు, బడిలో రాసే నల్లబల్లను కూడా పిసార్రా అనే అంటారు. పలక అంటే రాయీ, పలక అంటే రాసేదీ! రెండు చోట్ల ఒకే పని చేసిన మనుషులు ఒకేలా పేరు పెట్టుకున్నారు.

కోర్టు మాటల్లో ఇంకా గమ్మత్తుంది. వకాలత్, దావా, జప్తు, ముద్దాయి, జామీను, ఫిర్యాదు ఇవన్నీ అరబిక్, పారశీకాల నుంచి మన కోర్టులకు వచ్చాయి. స్పెయిన్‌ను అరబ్బులు శతాబ్దాలు ఏలారు కాబట్టి అరబిక్ మాటలు అక్కడా మిగిలాయి. మన ఖాజీయే అక్కడి అల్కాల్దె, ఇప్పుడు అర్థం మారి మేయరయ్యాడు. మన వజీరే అల్గువాసీల్, ఇప్పుడు కోర్టు అమీను లాంటి ఉద్యోగి. వీలునామా అమలు చేసేవాణ్ని అల్బసెఆ అంటారు, అందులో దాగున్నది వసీయత్.

చుట్టరికం చూసి మోసపోకూడని మాటలు కూడా ఉన్నాయి. పరీక్షలోనూ ఉద్యోగంలోనూ దెబ్బకొట్టేవి ఇవే:

దెమాందా అంటే డిమాండ్ అనుకుంటారు. కోర్టు భాషలో అది దావా.

సెంతెన్సియా అంటే శిక్ష అనుకుంటారు. అది తీర్పు, సివిల్ కేసులో వచ్చినా సెంతెన్సియాయే.

నొతారియో అంటే కోర్టు ఆవరణలో స్టాంపు వేసే నోటరీ అనుకుంటారు. స్పెయిన్‌లో నొతారియో కఠినమైన పోటీ పరీక్ష నెగ్గిన న్యాయ నిపుణుడు, దస్తావేజు తానే తయారుచేసి దాని చట్టబద్ధతకు పూచీ పడతాడు.

దెరేచో అంటే న్యాయశాస్త్రం, హక్కు కూడా. శాసనసభ చేసిన ఒక్కో చట్టం మాత్రం లెయ్. తెలుగులో చట్టం, హక్కు, న్యాయం, ధర్మం నాలుగు వేరు మాటలు కాబట్టి, వాక్యం చూసి ఏది సరిపోతుందో ఎంచుకోవాలి. ఫోనులోని అనువాద యంత్రానికి ఈ పని అప్పగించవద్దు.

6. గంటల లెక్క ముందే వేసుకోండి.

అమెరికా తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు స్పానిష్ రావడానికి 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుందని చెబుతుంది. పెద్ద లెక్కే తీసుకుందాం. రోజుకు 45 నిమిషాల చొప్పున 750 గంటలు పూర్తికావడానికి 1000 రోజులు పడుతుంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి రోజులెన్ని? 1095. అంటే కోర్టు కోటు చేతికొచ్చేలోపే స్పానిష్ కూడా చేతికొస్తుంది.

ఆ 45 నిమిషాలు ఎక్కడివి? దర్శి అమ్మాయి విషయంలో బస్సువి. పొద్దున సీటు దొరికితే చెవిలో స్పానిష్ పాఠం, తిరుగు ప్రయాణంలో అదే పాఠం మళ్లీ. బస్సులో చట్టం పుస్తకం తెరవకూడదు. కుదుపుల్లో సెక్షన్ నంబర్లు కలగాపులగమవుతాయి, కళ్లు నొప్పెడతాయి. భాషకు చెవి చాలు, చట్టానికి బల్ల, పెన్ను, తెల్లవారుజాము కావాలి. ఈ రెండు పనులనూ తారుమారు చేసుకున్నవాళ్లే "రెండూ కుదరడం లేదు" అని మధ్యలో ఆపేస్తారు. ఇంటికొచ్చాక పది నిమిషాలు గట్టిగా మాట్లాడాలి. గోడతోనైనా, గేదెతోనైనా ఫర్వాలేదు, నోరు తిరగాలి.

పరీక్షల నెల వచ్చినప్పుడు స్పానిష్‌ను పూర్తిగా ఆపేయవద్దు. పదిహేను నిమిషాలకు తగ్గించండి. నెలరోజులు వదిలేసిన భాష దగ్గరికి తిరిగి రావడానికి మనసు జంకుతుంది.

7. పాత పుస్తకాలు కొనకండి.

సీనియర్ల దగ్గర సగం ధరకు దొరికే నేరచట్టం పుస్తకం ఇప్పుడు దారి తప్పిస్తుంది. 2024 జూలై 1 నుంచి 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, 511 సెక్షన్లు 358 అయ్యాయి. మోసానికి ఊరంతా 420 అంటారు, కొత్త చట్టంలో అది 318. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. నేర విచారణ ప్రక్రియకు నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యానికి సాక్ష్య అధినియమ్ వచ్చాయి. అయితే పాత నంబర్లను పూర్తిగా మరిచిపోనూ కూడదు, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలు పాత శిక్షాస్మృతి కిందే నడుస్తాయి. నోటుబుక్కులో రెండు గడులు గీసి పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసుకోండి. ఒప్పంద చట్టం 1872, ఆస్తి బదిలీ చట్టం 1882, సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 మాత్రం అలాగే ఉన్నాయి. బేర్ యాక్ట్‌లు, అంటే వ్యాఖ్యానం లేని చట్టాల మూలపాఠాలు, అన్నీ ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితం. స్పెయిన్ చట్టాలు అక్కడి ప్రభుత్వ గెజిట్ బీఓఈలో ఉచితం. స్పానిష్ కాస్త పట్టుబడ్డాక 1978 నాటి స్పెయిన్ రాజ్యాంగం నుంచి రోజుకో అధికరణం చదివి, మన రాజ్యాంగంలో దాని జోడీ వెతకడం రెండు చదువులనూ కలిపే మంచి సాధన.

కాలేజీకి వెళ్లలేనివాళ్లు ఏం చెయ్యాలి?

గిద్దలూరు స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపు నడుపుతూ ఇంటిని పోషించే అబ్బాయి సంగతేమిటి? షాపు మూసి 70 శాతం హాజరు తెచ్చుకోలేడు. అతనికి అబద్ధపు ఆశ చూపకూడదు, నిరాశపరచనూ కూడదు. లాయరు కావడం ఇప్పుడు కుదరకపోవచ్చు. చట్టం నేర్చుకోవడం కుదురుతుంది. హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బెంగళూరు నేషనల్ లా స్కూల్ దూరవిద్యలో డిప్లొమాలు నడుపుతున్నాయి. ఇగ్నోలో వినియోగదారుల రక్షణ, మానవ హక్కుల మీద సర్టిఫికెట్ కోర్సులు ఉన్నాయి. వినియోగదారుల కమిషన్‌లో బాధితుడు లాయరు లేకుండా తన కేసు తానే చెప్పుకోవచ్చు కాబట్టి ఆ చదువు ఊళ్లో నలుగురికి అక్కరకొస్తుంది. న్యాయసేవాధికార సంస్థల్లో పారా లీగల్ వాలంటీరుగా చేరే వీలూ ఉంది. స్పానిష్ అయితే అతనికీ దర్శి అమ్మాయికీ ఒకే దారి, షాపులో జనం పలచబడ్డ మధ్యాహ్నాలు చాలు.

స్పానిష్ ఎవరికి కావాలి ఇక్కడ?

అమ్మ తప్పకుండా అడుగుతుంది, అడగాలి కూడా. దర్శి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో గట్టు తగాదాకు స్పానిష్ అక్కర్లేదు. అక్కడ కావలసింది మంచి తెలుగు, సాక్షి చెప్పిన మాటను అక్షరం పొల్లుపోకుండా పట్టుకునే తెలుగు. స్పానిష్ పనికొచ్చేది ఇంకో చోట.

స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో ఒకటి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, మార్కాపురం పలకరాయి సరిహద్దులు దాటి అమ్ముడుపోయే సరుకు. చీమకుర్తి వ్యాపారి ఒకరు స్పెయిన్ కొనుగోలుదారుతో ఒప్పందం రాసుకుంటున్నారనుకోండి. అందులో "ఈ ఒప్పందానికి స్పెయిన్ చట్టం వర్తిస్తుంది" అని ఒక్క వాక్యం ఉంది. చిన్న వాక్యమే కదా అని సంతకం పెడితే? అంతర్జాతీయ సరుకు అమ్మకాల మీద 1980 నాటి వియన్నా ఒప్పందం ఒకటుంది. భారత్ అందులో చేరలేదు, స్పెయిన్ చేరింది. స్పెయిన్ చట్టాన్ని ఒప్పుకున్నారంటే, వద్దని విడిగా రాసుకోకపోతే, ఆ వియన్నా నియమాలనూ ఒప్పుకున్నట్టే. రాయి పగిలి చేరిందని కొనుగోలుదారు ఎన్నాళ్లలోపు చెప్పాలన్న ప్రశ్న అప్పుడు మన చట్టం ప్రకారం తేలదు. ఆ వాక్యాన్ని స్పానిష్ మూలంలోనే చదివి, "ఇక్కడ ఆగండి అన్నా" అని చెప్పగల వకీలు ఎంతమంది ఉన్నారు? హైదరాబాదులో విదేశీ ఒప్పందాలు పరిశీలించే ఆఫీసులు, అనువాద సంస్థలు ఇలాంటి మనుషుల కోసం చూస్తాయి.

చట్టమూ, స్పానిషూ ఒకే తలలో ఇమిడిన తెలుగు మనిషి దూరంలో కూడా లేడు. గిద్దలూరు నుంచి నల్లమల దాటితే నంద్యాల. 1991లో ప్రధానిగా ఉంటూ అక్కడి ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లిన పీవీ నరసింహారావు నాగపూర్‌లో లా చదివారు, హైదరాబాదులో బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియరుగా పనిచేశారు. స్పానిష్‌లో మాట్లాడగలిగేవారు. అంత పరభాషా జ్ఞానం ఉన్నా ఆయన తన భాషను విడవలేదు. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలను హిందీలోకి, మరాఠీ నవల ఒకదాన్ని అబల జీవితంగా తెలుగులోకి తెచ్చారు.

చదువు చివర దాచుకోవలసిన డబ్బు

ఎల్‌ఎల్‌బీ పాసయ్యాక బార్ కౌన్సిల్ నమోదుకు వేలకు వేలు కావాలన్న భయం ఇంకా ఉంది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, 1961 న్యాయవాదుల చట్టం చెప్పిన దానికన్నా ఎక్కువ నమోదు రుసుము తీసుకోకూడదని తీర్పిచ్చింది. అది 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. తర్వాత ఆలిండియా బార్ పరీక్ష 100 ప్రశ్నలకు ఉంటుంది. నోట్సు లేని బేర్ యాక్ట్‌లు హాలులోకి తీసుకెళ్లవచ్చు. పాస్ కావడానికి 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం రావాలి. జడ్జి పరీక్ష రాయాలన్న ఆశ ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఆ పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది.

ఆ ప్రాక్టీసు ఏళ్లలో జూనియరు చేతికి వచ్చేది తక్కువ. ఇంటి నుంచి చేసే స్పానిష్ అనువాదం పేజీకింతని వస్తే, సీనియర్ దగ్గర ఆగి పని నేర్చుకునే ఓపిక మిగులుతుంది. అప్పుడు అమ్మ మళ్లీ అడిగితే, దర్శి అమ్మాయి బస్సు పాసు, ఒంగోలు కాలేజీ గుర్తింపు కార్డు, ఇగ్నో పుస్తకం మూడూ మంచం మీద పరిచి లెక్క చెప్పగలదు.